తెల్ల మాత్ర, మా అమ్మ ఎముకలు

మా అమ్మని నేను ఒకసారి చంపినంత పని చేశాను. అప్పటికి గుంటూరులో డాక్టరీ నాలుగో ఏడు చదువుతున్నాను. ఏమీ తెలియక చేసినదైతే ఎవరైనా క్షమిస్తారు. నేను తెలిసే చేశాను, కాకపోతే ముప్పాతిక వంతు తెలిసి చేశాను. ఆ మిగిలిన పాతిక వంతు సంగతి తల్చుకుంటే ఇన్నేళ్ళయినా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల నడిమి మాట. కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళ్తుంటే బందరు కాలవ పక్కన మా ఊరు. మా నాన్న ఉయ్యూరులో పంచదార ఫ్యాక్టరీ గుమాస్తా. చెరకు ఆడే రోజుల్లో ఆయన ఇంటికి వస్తుంటే మనిషి కన్నా ముందు మడ్డి వాసన వచ్చేది. అమ్మ మా ఊరి మిషను బళ్ళో ఒకటో తరగతి టీచరు. బడికి వేరే భవనం లేదు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ బడి. శనివారం సాయంత్రం బోర్డుని గోడవైపు తిప్పిపెడితే అది దేవుడి ఇల్లు, సోమవారం పొద్దున ఇటు తిప్పితే ఎక్కాల ఇల్లు. వారంలో ఆరు రోజులు వింటాడు కాబట్టి దేవుడికి కూడా పంతొమ్మిదో ఎక్కం వచ్చే ఉంటుందని మా నాన్న అనేవాడు. అన్నందుకు అమ్మ చేత చీవాట్లు తినేవాడు.

అమ్మకి గర్వమంటూ ఉంటే అది చేతిరాత చూసుకునే. తను బోర్డు మీద అఆలు రాస్తే అచ్చు వేసినట్టు ఉండేవి. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు ఆ బోర్డు రెండు రోజులు చెరపవద్దన్నాడట. ఆ కథ నెలకోసారైనా మాకు చెప్పేది. ప్రతిసారీ ఒక రోజు పెరిగేది. నేను గుంటూరు వెళ్ళేనాటికి వారమయింది.

నలభై నాలుగో ఏట రోగం వెతుక్కుని వెతుక్కుని ఆ చేతులకే వచ్చింది. పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉండేవి. మణికట్లు వాచేవి. వేణ్ణీళ్ళలో గంటసేపు ముంచి ఉంచితే గాని గుప్పిట పడేది కాదు. జడ వేసుకోలేకపోతే మా నాన్న వేసేవాడు. ఫ్యాక్టరీలో చెరకు మోపులు కట్టడం చూసి నేర్చుకున్నాడేమో, ఆ జడ అచ్చం మోపులాగే ఉండేది. అమ్మ దాన్ని కొంగుతో కప్పుకుని బడికి వెళ్ళేది. సుద్దముక్కని వేళ్ళతో పట్టలేక గుప్పిట్లో పొడుచుకుని రాసేది. రాసింది చూసి తనే చెరిపేసేది. ఒకరోజు పిల్లలెవరూ లేనప్పుడు బోర్డు ముందు నిలబడి ఏడవడం నేను చూశాను. నాకు కనబడినట్టు ఇప్పటిదాకా చెప్పలేదు.

బెజవాడ సూర్యారావుపేటలో పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన రోజుకి పన్నెండు ఆస్పిరిన్ మాత్రలు రాశాడు. నొప్పి కాస్త తగ్గింది గాని చెవుల్లో రైలు కూత మొదలైంది. ఒకటో తరగతి టీచరుకి పిల్లలు అప్పజెప్పేది వినబడకపోతే ఎలా? మూడు నెలలు వాడి మానేసింది. అప్పుడు మా ఊరి డాక్టరు గారు రంగంలోకి దిగాడు.

డాక్టరు అన్నది ఊరు ఇచ్చిన బిరుదు. ఆయన బందరులో ఒక డాక్టరు దగ్గర పదిహేనేళ్ళు కాంపౌండరుగా చేసి, సైకిలు, తోలుసంచీ సంపాదించుకుని మా ఊరొచ్చి బోర్డు కట్టాడు. పేరు పక్కన ఆర్.ఎమ్.పి. అని ఉండేది. ఆ మూడు అక్షరాలకీ అర్థమేమిటని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మాత్రలు రేకులో ఉన్నవి ఉన్నట్టు ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. ముందే రేకులు చించి డబ్బాల్లో పోసుకునేవాడు, పేరు తెలిస్తే జనం తిన్నగా బెజవాడ వెళ్ళి కొనుక్కుంటారని. పొట్లాలు కట్టేందుకు మా అమ్మ బడి పరీక్ష కాగితాలే వాడేవాడు. ఎవడికో సున్నా వచ్చిన కాగితంలో ఎర్ర మాత్ర ఒకటి, పసుపు మాత్ర ఒకటి, చిన్న తెల్ల మాత్ర ఒకటి, పూటకి ఒక పొట్లం చొప్పున మూడు పూటలా. ఎరుపూ పసుపూ అలంకారానికి. పని చేసేది తెల్లదే.

చేసింది కూడా. మూడో రోజుకి అమ్మ రోట్లో పచ్చడి నూరింది. పదో రోజుకి తన జడ తనే వేసుకుంది. నెల తిరిగేసరికి బోర్డు మీద మళ్ళీ అచ్చు అక్షరాలు. నాన్న ఆ డాక్టరుకి కొత్తబెల్లం, చెరకు గడలూ మోసుకెళ్ళాడు. మేం ఇంటిల్లిపాదీ ఆయన్ని దేవుడి తరవాత పెట్టుకున్నాం. మా పాస్టరు గారికి మాత్రం ఆ వరుస నచ్చలేదు, ఆయన మధ్యలో ఉండాలి కదా.

ఆ తరవాత అమ్మ ఒళ్ళు చేసింది. ఇది మా డెల్టా వాళ్ళకి తప్ప ఇంకెవరికీ సరిగ్గా అర్థం కాదు. మూడు పంటల నేల మీద పుట్టి సన్నగా ఉండటమంటే మాలో అది ఏదో ఇంటి పరువుకి సంబంధించిన లోటు. ఎవరైనా కనబడితే "చిక్కిపోయావేం?" అనడం పలకరింపు, "ఒళ్ళొచ్చిందే!" అనడం దీవెన. అమ్మ బుగ్గలు ఉబ్బి ముఖం గుండ్రంగా అయిపోయింది. మెడ వెనక కండ పట్టింది. ఆకలి ఎంతలా వేసేదంటే పదకొండింటికి బళ్ళో కూడా డబ్బా విప్పేది. వీధిలో ఆడవాళ్ళు ఆగి మరీ చూసేవారు.

"పంతులమ్మగారు కలిగినింటి కోడల్లా తయారయ్యారండీ" అనేవారు. సన్నగా ఉన్న ఆడపిల్లల్ని పెళ్ళిచూపులకి నెల ముందు మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, "పంతులమ్మగారికిచ్చిన మాత్ర మా పిల్లకీ ఇయ్యండి" అని అడిగేవాళ్ళు కూడా బయల్దేరారు.

సెలవులకి వచ్చిన నేనేమన్నానో చెప్పాలి కదా. "అబ్బ, అమ్మా! ఎంత బావున్నావే!" అన్నాను. డాక్టరీ చదివేదాన్ని. ఒకసారి కాదు, రెండేళ్ళలో వచ్చిన ప్రతి సెలవుకీ అన్నాను. గాజు తగిలినచోటల్లా చెయ్యి కమిలి నల్లబడుతోందని అమ్మ చూపిస్తే, "చూసుకుని పని చేసుకోవద్దూ?" అని మందలించాను.

నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం క్లాసులో తెలివొచ్చింది. పాఠం చెప్పేది రిటైరుకి దగ్గరపడ్డ ప్రొఫెసరు. దివిసీమ మనిషి. నస్యం పీల్చి, తుమ్మి, పాఠం మొదలుపెట్టేవాడు. ఆవేళ బోర్డు మీద మనిషి బొమ్మ వేశాడు. గుండ్రటి ముఖం. మెడ వెనక మూపు. లావుపాటి పొట్ట, సన్నటి కాళ్ళూ చేతులూ. చర్మం మీద అక్కడక్కడ కమిలిన మచ్చలు. ఇదీ, స్టెరాయిడు మాత్రలు ఏళ్ళ తరబడి మింగిన మనిషి ఆకారం అన్నాడు. బొమ్మకి చీర ఒక్కటే తక్కువ. నా పెన్ను ఆగిపోయింది.

అప్పుడే అలాంటి రోగి ఒకరి వెన్నెముక ముక్క పళ్ళెంలో పెట్టి పంపించాడు, అందరూ చూడమని. నా దగ్గరికి వచ్చేసరికి వేలితో నొక్కాను. అంచు రస్కులాగా పొడి అయింది.

"ఎముకంటే రాయనుకుంటారు మీరంతా" అన్నాడు ప్రొఫెసరు. "రాయి కాదర్రా, కాలవగట్టు. ఎండాకాలం కాలవలు కట్టేశాక ఏం చేస్తారు? గట్టు ఎక్కడ పుచ్చిపోయిందో అక్కడ తవ్వేసి కొత్తమట్టి వేస్తారు. తవ్వే ముఠా ముందు, పూడ్చే ముఠా వెనక. మన ఎముకలో ఈ పని ఏడాది పొడుగునా జరుగుతూనే ఉంటుంది. తవ్వే కణాలు వేరు, కట్టే కణాలు వేరు. తవ్వినంతా పూడిస్తే గట్టు నిలుస్తుంది, లేదంటే గండి పడుతుంది."

ముఠాలన్నాక మేస్త్రీలుంటారు కదా. ఆ మేస్త్రీలే హార్మోన్లు అన్నాడు. మెడలో గోధుమగింజలంత గ్రంథులు నాలుగున్నాయి, రక్తంలో కాల్షియం తగ్గగానే తవ్వమని కబురు పంపుతాయి. ఆడవాళ్ళలో అండాశయం నుంచి వచ్చే హార్మోను తవ్వేవాళ్ళని అదుపులో పెడుతుంది, ముట్లు ఆగిపోయాక ఆ అదుపూ పోతుంది. ఇంకో సంగతి ఆ మధ్యనే బయటపడిందట. జబ్బులతో పోట్లాడే తెల్లకణాలు కూడా ఏదో పదార్థం వదులుతాయట, అది తగిలితే తవ్వే ముఠాకి పూనకం వస్తుందట. "అసలు ఆ తవ్వేవి కూడా రక్తంలోంచే వచ్చాయంటున్నారు కొందరు. అంటే వీళ్ళూ వాళ్ళూ చుట్టాలేనన్నమాట" అని ఇంకోసారి నస్యం పీల్చాడు.

కీళ్ళవాతంలో తెల్లకణాలకి మతి చలించి సొంత కీళ్ళ మీదే పడతాయి. పక్కనున్న ఎముకనీ తవ్విస్తాయి. స్టెరాయిడు మాత్ర ఆ తెల్లకణాల్ని పండబెడుతుంది. అందుకే వాపు పోతుంది, వేళ్ళు వంగుతాయి, పచ్చడి నూరుతారు, ఊరంతా చప్పట్లు కొడుతుంది. కాని అదే మాత్ర పూడ్చే ముఠాని కూడా పండబెడుతుంది, తిన్న తిండిలోని కాల్షియాన్ని పేగులు పీల్చుకోనివ్వదు. తవ్వేవాళ్ళు మాత్రం మెలకువగానే ఉంటారు.

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. నేను పొగిడిన బుగ్గలు, మూపు, కమిలిన చేతులు బోర్డు మీద వేసి అరవై మందికి చూపిస్తున్నట్టనిపించింది. హాజరు ముందే తీసుకున్నారు. క్లాసు అవడానికి ఇంకా పావుగంట ఉందనగా వెనక తలుపులోంచి జారుకున్నాను. హాస్టల్లో సంచీ తీసుకుని బస్సెక్కాను.

దారి పొడుగునా మా ఊరి డాక్టరుని కడిగేశాను. మంగళగిరిలో బస్సు ఆగేసరికి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. బెజవాడలో బస్సు మారేసరికి బోర్డు పీకేసి బందరు పారిపోయాడు. కంకిపాడు దాటాక పోనీలెమ్మని క్షమించాను కూడా. ఇదంతా నా బుర్రలోనే గాని, ఆయనేమో ఆ పూట కాలవ అవతల ఎవరికో గడ్డ కోస్తున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పలకలు దిద్దుతోంది. "ఏమే, చెప్పా పెట్టకుండా వచ్చావు? పరీక్ష తప్పావా ఏమిటి?" అంది.

పొట్లాల డబ్బా బయటికి తీశాను. ప్రొఫెసరు చెప్పిందంతా కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. గట్టు, ముఠాలు, రస్కు ముక్క, అన్నీ. చెబుతున్నంతసేపూ అమ్మ తన చేతుల్నే చూసుకుంటోంది.

"అయితే ఎముకలు గుల్లవుతాయంటావు" అంది.

"అవుతాయి కాదు, అయ్యాయి. నడుం నొప్పి అంటున్నావు చూడు, అదే."

"నడుం నొప్పి ఎవరికి లేదే? నా ఎముకలు ఎవరు చూడొచ్చారు? నాకు చేతులు కావాలి. ఆ మాత్ర మానేస్తే మళ్ళీ గుప్పిట్లో పొడుచుకుని రాయాలి నేను. నీకేం, గుంటూరులో కూర్చుంటావు."

"చేతులు చేతులంటావు, రేపు నడుం విరిగి మంచాన పడితే?"

"పడినప్పుడు చూసుకుందాం. అదిలా ఇవ్వు."

ఇవ్వలేదు. వీధిలోకి వెళ్ళి డబ్బాలో ఉన్న తెల్ల మాత్రలన్నీ కాలవలో పారబోశాను. ఎరుపూ పసుపూ ఉంచాను, వాటి వల్ల మంచీ చెడూ ఏదీ లేదని. అమ్మ గడపలో నిలబడి చూసింది. లోపలికి వెళ్ళి పలకలు దిద్దుకుంది. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. డాక్టరునై నేను చేసిన మొదటి వైద్యమది. ఆ పూట బందరు కాలవలో చేపలకి కీళ్ళనొప్పులు లేవు.

రెండో రోజుకి అమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. ఓర్చుకో అన్నాను. అన్నం సయించలేదు, వాంతి చేసుకుంది. మార్కెట్లో కొన్న చేప తేడా చేసిందన్నాను. నీరసంగా ఉందంది. పాత మాత్ర విషం దిగుతోందని చెప్పాను. ఏ పుస్తకంలో చదివానో మరి! మూడో రోజు పొద్దున లేచి నిలబడలేకపోయింది. అయినా బడికి వెళ్ళింది, నేను సాయం పట్టుకుని వెళ్ళాను. కారణం ఒకటే, తను ఇంట్లో ఉంటే నేను మాత్ర గురించి మళ్ళీ పాఠం చెబుతానని.

పదింటికి బోర్డు ముందు పడిపోయింది. పడటం కూడా విసురుగా కాదు, గోడకి జారి కూర్చున్నట్టు పడింది. ఒళ్ళు చల్లగా, తడిగా ఉంది. నాడి కోసం మణికట్టు పట్టుకున్నాను. అందలేదు. మెడ దగ్గర వెతికితే సన్నగా, పరిగెడుతూ తగిలింది. ఒకటో తరగతి మొత్తం నిలబడి చూస్తోంది. నాకు చదివినది ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అమ్మా, అమ్మా" అనడం తప్ప ఏం చేయాలో తెలియలేదు. ఆ మాత్రం ఆ గదిలో ఉన్న పిల్లలందరికీ తెలుసు.

హెడ్మాస్టరు గారు సైకిలెక్కి డాక్టరు కోసం పరిగెత్తాడు. వద్దని అనే ధైర్యం నాకు లేదు.

ఆయన వచ్చాడు. అమ్మ కళ్ళ కింద రెప్ప లాగి చూశాడు, చెయ్యి పట్టుకుని చూశాడు. నా వైపు తిరిగాడు.

"తెల్ల మాత్ర మానేసి ఎన్నాళ్ళయిందమ్మాయిగారూ?"

"మూడు రోజులు."

"అయ్యయ్యో, ఎంత పని చేశారండీ!"

అంతే అన్నాడు. సంచిలోంచి సూది తీసి ఆ తెల్ల మాత్ర జాతి మందే నరానికెక్కించాడు. క్రిస్మస్‌కి నక్షత్రం కట్టే కొక్కేనికి సెలైన్ సీసా వేలాడదీశాడు. బల్ల మీద అమ్మ, పక్కన మోకాళ్ళ మీద నేను. పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. గంట గడిచేసరికి నాడి నా వేళ్ళకి అందింది. మధ్యాహ్నానికి అమ్మ కళ్ళు తెరిచి, "బోర్డు మీద సగమే రాశాను" అంది. నేను బయటికి వెళ్ళి గోడ పక్కన కూర్చుని ఏడ్చాను.

డాక్టరు వచ్చి కాస్త దూరంగా నిలబడ్డాడు. ఆయన సిగ్గుపడుతున్నట్టు కనబడింది, నా కోసమో తన కోసమో తెలియలేదు.

"బందరులో మా డాక్టరు గారి దగ్గర ఉన్నప్పుడండీ, ఒకావిడ ఇలాగే మానేసి పోయారు. నా చేతుల్లోనే పోయారండి. అప్పట్నుంచీ ఎవరికిచ్చినా చెబుతాను, చచ్చినా ఒక్కసారిగా మానొద్దని. అమ్మగారికీ చెప్పాను."

"ఎముకలు తినేస్తుందని కూడా చెప్పాల్సింది" అన్నాను. గొంతులో అంత పొగరు ఇంకా ఎక్కడ మిగిలిందో!

"అది నాకు తెలియదండి" అన్నాడు. "మీరిప్పుడు చెబితేనే తెలిసింది."

వారానికి అమ్మని గుంటూరులో మా ప్రొఫెసరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీయించాం. వెన్నులో రెండు పూసలు అణిగిపోయి ఉన్నాయి. గోడ పక్కన నిలబెట్టి కొలిస్తే అమ్మ రెండు అంగుళాలు పొట్టిదైంది. మందు ఎవరు ఆపించారని ప్రొఫెసరు అడిగాడు. నేనేనన్నాను. ఆ రోజు పాఠంలో ఆఖరి పావుగంట ఎక్కడున్నావని అడిగాడు. బస్సులో ఉన్నానండీ అన్నాను. ఆయన తిట్టకుండా తుమ్మాడు. ఆ పావుగంటలో ఆయన చెప్పింది ఇదీ: బయటి నుంచి స్టెరాయిడు వస్తుంటే, అదే పదార్థాన్ని ఒంట్లో తయారుచేసే గ్రంథులు, కిడ్నీల మీద టోపీల్లా కూర్చునేవి, పని మానేసి పడుకుంటాయి. మాత్రని మెల్లమెల్లగా తగ్గిస్తే మెల్లమెల్లగా లేస్తాయి. ఒక్కసారిగా లాగేస్తే అవి లేచేలోపు మనిషి పోతాడు. మా క్లాసులో అరవై మందికీ తెలిసిన ఈ సంగతి, సొంత తల్లికి వైద్యం చేయడానికి పరిగెత్తినదానికి ఒక్కదానికే తెలియదు.

తరవాత ఆయన అమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు. నాకు చెప్పినట్టు కాకుండా, ఎదురుగా కుర్చీ వేసుకుని, ఇంకో టీచరుతో మాట్లాడినట్టు చెప్పాడు. "మీకు మూడు వైపుల నుంచీ గండి పడుతోందమ్మా. ముట్లు ఆగిపోయాయి, అదొకటి. రోగం కూడా ఎముకని తింటుంది, మాత్ర మానేసినంత మాత్రాన అది ఊరుకోదు. మాత్ర సంగతి సరేసరి. పూర్తిగా మాన్పించమంటే మెల్లగా మాన్పిస్తాను. చేతులు మళ్ళీ మొదటికొస్తాయి. ఉంచమంటే వీలైనంత తక్కువ ఉంచుతాను. నడుం కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది."

"ఎంత తక్కువైతే సుద్దముక్క పట్టుకోగలనండీ?" అని అడిగింది అమ్మ.

"చూద్దాం" అన్నాడాయన.

చూశారు. రోజుకి మూడు మాత్రల నుంచి రెండున్నర, రెండున్నర నుంచి రెండు, ఇలా వారాల తరబడి. ఒకటి దగ్గర అక్షరాలు నిలబడ్డాయి. ముప్పావు దగ్గర గుప్పిట పడలేదు. అమ్మ ఒకటి అంది. పాలు, పొద్దుటి ఎండ, ముళ్ళతో సహా నమిలే చిన్న చేపలు అని ఆయన రాసిచ్చాడు. పట్టుదలగా అన్నీ చేసింది. నేను మధ్యలో మాట్లాడబోతే, "నడుం నాదే, చేతులూ నావే, నువ్వూరుకో" అంది.

అంతా ఒక కొలిక్కి వచ్చాక ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుతానని లేచింది. మాలో ఏదైనా గండం గడిచినప్పుడు సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం ఆనవాయితీ. కూతురు చేసిన నిర్వాకం ఊరందరికీ చెబుతుందనుకున్నాను. చెప్పినా న్యాయమే అనుకున్నాను.

"నేను చావుదాకా వెళ్ళొచ్చాను. ఇదే గదిలో, ఇక్కడే పడిపోయాను" అంది అమ్మ. "ఆ పూట నా బిడ్డ నా పక్కనే ఉంది. గుంటూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించింది. నాకు డాక్టరు బిడ్డనిచ్చిన ప్రభువుకి స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పాస్టరు గారు నన్ను లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను. పక్క వరసలో ముసలావిడ అక్కడికక్కడే తన మోకాలు చూపించబోయింది. అంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు.

బయటికొచ్చాక తిన్నగా మా డాక్టరు ఇంటికి వెళ్ళాను. ఆయన సైకిలు తుడుచుకుంటున్నాడు. బతికించింది మీరని చెప్పకుండా అమ్మ నా పేరు చెప్పిందండీ, నన్ను క్షమించండి అన్నాను.

"అమ్మగారు ముందే వచ్చి నన్నడిగారండి" అన్నాడు. "డాక్టరుగారూ, మా అమ్మాయి పేరు చెబుతాను, మీకేం అభ్యంతరం లేదు కదా అన్నారు. చెప్పండమ్మా అన్నాను. నా దగ్గరికి జనం ఎలాగూ వస్తారు. రేపు మీ దగ్గరికీ రావాలి కదండీ."

ఇంటికి వచ్చి అమ్మని నిలదీశాను. కాదు, నిలదీయబోయాను.

"అమ్మా, నిన్ను చంపబోయింది నేనే కదే."

"తెలుసు. కాలవలో పోసినప్పుడు చూస్తూనే ఉన్నానుగా."

"మరి డాక్టరుగారు ఒక్కసారిగా మానొద్దని నీకు ముందే చెప్పారటగా. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వింటావా? పుస్తకంలో లేదనేదానివి." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు డాక్టరువి, నీకు తెలుసనుకున్నాను" అంది.

ఆ మాట కన్నా తిట్టినా బాగుండేది. అమ్మ నా ముఖం చూసి నవ్వింది. "వంద మందిని చంపితే గాని వైద్యుడు కాడంటారు. నీ వందలో మొదటిదాన్ని నేను. చావలేదు కాబట్టి లెక్క మొదలవలేదు. మొదలుపెట్టకు" అంది.

మర్నాడు సోమవారం. గుంటూరు బస్సుకి ఇంకా టైముంది. అమ్మ ఇడ్లీ తిని, ఎవడిదో పరీక్ష కాగితం పొట్లం విప్పి, తెల్ల మాత్ర ఒక్కటి అరచేతిలో వేసుకుంది. పక్కనున్న గ్లాసు చూస్తే ఖాళీ. నేను ఆ మాత్రనే చూస్తున్నాను. అది మింగితే ఆ పూట తన వెన్నులో ఎక్కడో తవ్వినచోట పూడ్చే దిక్కు ఉండదని నాకు తెలుసు. ఏటా ఇంకాస్త పొట్టిదవుతుందని, ఏదో ఒక రోజు బకెట్టు ఎత్తబోయి విరుగుతుందని తెలుసు. ఇంకో గంటలో బోర్డు ముందు నిలబడి, వేళ్ళు సాఫీగా వంగి, సుద్దముక్క పట్టుకుంటుందనీ తెలుసు. ఈసారి నాకు మొత్తం తెలుసు.

"చూస్తావేమే? బడి టైమవుతోంది" అంది అమ్మ.

లేచి వెళ్ళి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చాను.